గ్రంథాలయంలో చిలక టూల్‌బార్

ఉచితంగా సాయం చేస్తానంటూ కంప్యూటర్ తెర మీదకి ఎవడొచ్చినా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇప్పటికీ అంతే. మా అమ్మాయి బ్రౌజర్‌లో ఆమధ్య ఓ మూల కొత్త బిళ్ళ కనిపించింది. "ఏంటమ్మా ఇది?" అన్నాను. "ఏ వస్తువు ఎక్కడ తక్కువకి దొరుకుతుందో అదే వెతికి పెడుతుంది నాన్నా. ఫ్రీ," అంది. ఫ్రీ! వాడి పిండాకూడు. ఊరూ పేరూ లేనివాడికి, మొహమైనా చూపించనివాడికి, నీకు చెప్పులు చవగ్గా ఇప్పించాలని అంత ఆత్రం దేనికే అన్నాను. "నాన్న మళ్ళీ మొదలెట్టాడు" అని తలుపు వేసుకుంది. వేసుకోనీ. నాకెందుకు మంటో దానికి తెలియదు. నేను చెప్పలేదు. అసలు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను నిడదవోలులో ఓ సైకిల్ షాపు మీద గదిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఐదు కంప్యూటర్లు, వాటిలో మూడే పనిచేసేవి. అయినా బజార్లో నడుస్తుంటే "కంప్యూటర్ మాస్టారండీ" అని జనం తప్పుకునేవారు. నాకు ఎంత పొగరని! మౌస్ పట్టుకోవడం తెలిస్తే చాలు, మనిషి మేధావి అయిపోయే రోజులవి. ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా నాకు కబురొచ్చేది. వెళ్ళి, అర్థంకాని ఇంగ్లీషు మాటలు నాలుగు అని, ఆపేసి మళ్ళీ ఆన్ చేసేవాణ్ణి. బాగయ్యేది. కాఫీ ఇచ్చేవారు.

మా కాలవ గట్టు దగ్గర ఓ చిన్న గ్రంథాలయం ఉండేది. సర్కారుది కాదు, ఊళ్ళో పెద్దలు కమిటీగా ఏర్పడి నడిపేది. దానికి అధ్యక్షులు ఒక రైసుమిల్లు యజమాని. మిల్లు ఆఫీసులోకి కొత్త కంప్యూటర్ కొనుక్కున్నప్పుడు పాతదాన్ని ఆయన గ్రంథాలయానికి దానం చేశారు. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయిస్తారు చూడండి, అలాగే మానిటర్ పక్కన ఎర్ర రంగుతో తన పేరు, తండ్రి పేరు, మిల్లు పేరు రాయించారు. టెలిఫోను తీగకి నెట్ కూడా పెట్టించారు. పేరు పెద్దది, మెషీను ముసలిది.

గ్రంథాలయాన్ని చూసుకునేది మా మాస్టారు. ఎనిమిదో తరగతి నుంచి పది దాకా నాకు తెలుగు చెప్పినాయన. రిటైరయ్యాక జీతం భత్యం లేకుండా ఆ పని నెత్తిన వేసుకున్నారు. పొద్దున్నే ఏడింటికి తలుపులు తీసి, తనే ఊడ్చి, పేపర్లు బల్లమీద పరిచి, ఓ గంట ఒంటరిగా కూర్చుని చదువుకునేవారు. ఆ తర్వాతే జనం వచ్చేవారు. తెల్ల పంచె, భుజాన కండువా. ఆయన పేపరు చదువుతుంటే పెదాలు కదిలేవి. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి ఆయన వీధిలో వస్తుంటే సిగరెట్లు వెనక్కి పోయేవి. ఆయనకున్న ఆస్తి మొత్తం అదే.

ఆయనకి కంప్యూటర్ నేర్పింది నేనే. అన్ని ఊళ్ళ తెలుగు పేపర్లూ నెట్‌లో వస్తాయని విని చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. తీరా తెరిస్తే ఏముంది, అక్షరాల చోట వరసగా డబ్బాలు! ఇప్పటి పిల్లలకి ఈ ఖర్మ తెలియదు. ఆ రోజుల్లో ఒక్కో పేపరుకి ఒక్కో రకం అక్షరాలు. అవి దించుకుని కంప్యూటర్‌లో పెట్టుకుంటేగాని తెలుగు తెలుగులా కనిపించేది కాదు. పేజీ తెరవగానే ఓ చిన్న కిటికీ వచ్చి "పెట్టమంటారా, వద్దా?" అని ఇంగ్లీషులో అడిగేది. ఎస్ నొక్కితే డబ్బాలు పోయి అక్షరాలు వచ్చేవి. నో నొక్కితే డబ్బాలే.

"ఏదడిగినా ఎస్ కొట్టెయ్యండి మాస్టారూ. నో అన్నారంటే తెలుగు రాదు," అన్నాను నేను, గురువుగారికి గురువునయ్యానన్న గీరతో. ఆయన దాన్ని అట్ట మీద రాసి మానిటర్ కింద అంటించుకున్నారు. మా వాళ్ళందరికీ అదే అలవాటు. సొంత భాష చదువుకోడానికి ముక్కూ మొహం తెలియనివాడికల్లా తలూపడం నేర్చుకున్న జనం మేము. ఇంగ్లీషువాడికి ఏనాడైనా ఆ గతి పట్టిందా?

ఒక పేపరుకి మాత్రం ఏం చేసినా డబ్బాలు పోలేదు. నా దగ్గర రాజమండ్రిలో కొన్న సీడీ ఒకటుండేది. ఉపయోగపడే ప్రోగ్రాములట, ఓ నూటయాభై. అందులో వెతికితే అన్ని భారతీయ భాషల అక్షరాలకీ సాయం చేసే టూల్‌బార్ అని దొరికింది. బ్రౌజర్ నెత్తిన పచ్చగా ఓ పట్టీ, దాని చివర ముక్కు ఎర్రగా ఓ చిలక బొమ్మ. పెట్టేటప్పుడు ఇంగ్లీషులో చాంతాడంత ఒప్పందం కనిపించింది. చదివానా? నా మొహం. ఒప్పుకున్నానని టిక్కు కొట్టి పెట్టేశాను. డబ్బాలు పోయాయి. గుడి దీర్ఘాలు కాస్త పక్కకి జరిగి కూర్చున్నాయిగాని చదవడానికి వీలయ్యింది. "వీడు నా శిష్యుడండీ," అని మాస్టారు ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పారు.

ఆ చిలక ఊరికే కూర్చునే రకం కాదు. ప్రతి పూటా రెక్కలు ఆడించి ఏదో ఒకటి అడిగేది. మీ ఊళ్ళో వాతావరణం చూపించనా? మీ బాణం గుర్తుని సీతాకోకచిలకగా మార్చనా? మీ కంప్యూటర్ నెమ్మదిగా ఉంది, వేగం పెంచనా? మాస్టారికి ముచ్చటేసేది.

"ఎంత మర్యాదరా దీనికి! అడక్కుండా ఒక్క పనీ చెయ్యదు," అనేవారు నాతో.

"మీరు ఎస్ అంటున్నారా అన్నిటికీ?"

"అంత మర్యాదగా అడుగుతుంటే కాదని ఎలా అంటాంరా? బావుంటుందా?"

మా వైపు మనుషుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. గుమ్మంలోకొచ్చి "ఏవండీ" అన్నవాడికి కాదు అని చెప్పాలంటే మావాళ్ళకి ప్రాణం మీదకొస్తుంది. "చూద్దాంలెండి" అంటారు, "అలాగేనండీ" అంటారు, "కాఫీ తాగి వెళ్ళండి" అంటారు. కాదు అన్న ముక్క మాత్రం నోట రాదు. ఆ చిలకని తయారుచేసిన దరిద్రుడు మా గోదావరి వాళ్ళని చూసే తయారుచేశాడేమోనని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది. కత్తి చూపించి దోచుకునేవాడికి కనీసం దొరుకుతానేమోనన్న భయమైనా ఉంటుంది. వీడు నమస్కారం పెట్టి, అనుమతి అడిగి, ముసలాయన చేతే తలుపు తీయించుకుని లోపలికొచ్చాడు.

మూడు నెలలు తిరిగేసరికి ఒకటికి ఆరు పట్టీలయ్యాయి. ఒకటి వాతావరణమట, ఒకటి నవ్వు మొహాలట, ఒకటి వెతికిపెట్టేదట. పేజీ కనిపించే జాగా సగానికి పడిపోయింది. ఇంగ్లీషు పేజీల్లో మాటల కింద రెండేసి గీతలు కూడా మొదలయ్యాయి. వాటి మీద నొక్కితే ఎవడిదో దుకాణం తెరుచుకునేది. మాస్టారు అదీ మంచికే అనుకున్నారు. "ముఖ్యమైన మాటల కింద ఎవరో గీతలు గీసి పెట్టార్రా. పరీక్షకి మీకు నేను గీయించేవాణ్ణి చూడు, అలాగ," అన్నారు. నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఆపి ఓ గంట కూర్చుంటే అన్నీ పీకి పారేసేవాణ్ణి. కూర్చోలేదు. తణుకులో ఎవరింట్లోనో కొత్త కంప్యూటర్ బిగించాలి, తొందరన్నాను.

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు గ్రంథాలయంలో ఇసకేస్తే రాలనంత జనం. ఊళ్ళో ఉన్న రెండు నెట్ సెంటర్లూ నిండిపోతే మిగిలినవాళ్ళంతా మాస్టారి దగ్గరికి వచ్చేశారు. నేనూ వెళ్ళాను సాయానికి. ఓ రైతు తన కూతుర్ని వెంటబెట్టుకుని పక్క పల్లెటూరి నుంచి వచ్చాడు. ఆ పిల్ల చేతిలో హాల్ టికెట్ నలిగి చెమటకి తడిసిపోయింది. మాస్టారు దాన్ని బల్లమీద సాపు చేసి, "భయపడకమ్మా, పాసవుతావు," అంటూ ఒక్కో అంకె కొట్టారు.

నంబరు కొట్టి ఎంటర్ నొక్కారో లేదో, తెర మీదకి ఓ కిటికీ దూకింది. అందులో ఒంటిమీద గుడ్డ సరిగ్గా లేని ఆడమనిషి. మాస్టారు ఉలిక్కిపడి మూలనున్న ఇంటూ గుర్తు నొక్కారు. అది ఇంటూ కాదు, ఇంటూలా గీసిన బొమ్మ. రెండు కిటికీలు తెరుచుకున్నాయి. అవి మూయబోతే నాలుగు. స్పీకర్లలోంచి చెప్పుకోడానికి వీల్లేని మూలుగులు. ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. జనం వెనక నుంచి మెడలు సాచి చూస్తున్నారు. మాస్టారి చేతిలోంచి మౌస్ జారి కింద పడింది. ఏం చెయ్యాలో తోచక ఆయన భుజం మీది కండువా తీసి మానిటర్ మీద కప్పేశారు. బొమ్మ కనిపించడం మానింది, శబ్దం ఆగలేదు. చివరికి నేనే గోడ దగ్గరికి దూరి ప్లగ్గు పీకాను.

"ఆయ్, ఇదేంటండీ మాస్టారూ? ఆడపిల్లల్ని తీసుకొచ్చే చోటండి ఇది," అన్నాడు ఆ రైతు. కోప్పడలేదు. అదే బాధ. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఫలితం చూడకుండానే.

సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. పొద్దున్నే ఏడింటికి ఒక్కడూ తలుపేసుకుని కూర్చుంటాడట, ఏం చూస్తుంటాడో అనుకున్నాం, ఇదా సంగతి అన్నారు. తలుపు ఏనాడూ వేసుకోలేదాయన. బార్లా తీసే ఉండేది. అయినా అది చూసినవాడు ఎవడూ నోరు విప్పలేదు. నలభై ఏళ్ళుగా ఆయన్ని చూస్తున్న జనం ఒక్క పూటలో ఎంత సులువుగా నమ్మేశారో! నమ్మడానికి వాళ్ళకి ఎంత హుషారో! థూ.

కమిటీ వాళ్ళు ఆదివారం మీటింగు పెట్టారు. ఈలోపు మెషీను చూసి పెట్టమని అధ్యక్షులవారు నాకు కబురు చేశారు. శనివారం మధ్యాహ్నం ఒక్కణ్ణీ కూర్చుని చూశాను. ఏ ప్రోగ్రాము ఏ రోజు లోపలికొచ్చిందో వరసగా ఉంది. అన్నిటికంటే ముందొచ్చింది చిలక. మిగతా ఐదూ అది పిలుచుకొచ్చినవే. చాంతాడంత ఒప్పందం మళ్ళీ తెరిచి ఈసారి చదివాను. మీరు ఏం వెతుకుతారో మేము గమనిస్తాం, మా భాగస్వాముల ప్రకటనలు మీకు చూపిస్తాం, దానికి మీరు ఒప్పుకున్నారు అని రాసి ఉంది. ఎవరు ఒప్పుకున్నారు? నేను. ఆ కుర్చీలో కూర్చుని, ఆ మౌస్‌తో. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని ఆ ప్రకటనలు తోలుతున్న వెధవకి నిడదవోలు అనే ఊరొకటుందని కూడా తెలిసి ఉండదు. నాకు తెలుసు కదా! చిలకనీ దాని పిల్లల్నీ తీసేశాను. అవి పోయాక మెషీను శుభ్రంగా, ఏమీ జరగనట్టు ఉంది.

మీటింగులో పదిమందిదాకా ఉన్నారు. మాస్టారు ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కాకుండా గోడవారగా బెంచీ మీద కూర్చున్నారు. అధ్యక్షులవారు నా వైపు తిరిగారు.

"మీరు చదువుకున్నవారండీ. మాకివన్నీ తెలియవు. ఒక్క ముక్కలో చెప్పండి. ఆ బొమ్మలు వాటంతట అవే వస్తాయాండీ, లేకపోతే ఎవరైనా నొక్కితే వస్తాయా?"

మాస్టారు నా వైపే చూస్తున్నారు. భయంగా కాదు, బడిలో నేను పద్యం అప్పజెప్పడానికి లేచినప్పుడు చూసినట్టే, వీడికి వచ్చు అన్న ధీమాతో.

చెప్పాల్సింది రెండు ముక్కలు. అవి వాటంతట అవే వస్తాయండీ, వచ్చేలా పెట్టింది నేనండీ. ఆ రెండో ముక్క దగ్గర ఆగిపోయాను. వేసవి క్లాసులకి గ్రంథాలయం మేడగది ఇస్తామని అదే కమిటీ మాటిచ్చింది. అదొక్కటే కాదు. కంప్యూటర్ మాస్టారే దొంగ చిలకని తెచ్చిపెట్టాడని టీ కొట్ల దగ్గర నవ్వుకుంటారే, ఆ నవ్వుకి జడిశాను.

"ఎవరో ఒకరు నొక్కితేనే వస్తాయండి," అన్నాను.

అబద్ధం కాదు చూడండి, మొదట టిక్కు నొక్కింది నేనేగా. ఎంత తెలివో నాకు!

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన లేచి నిలబడ్డారు. "నేనే నొక్కానండీ," అన్నారు. "అది ఏమడిగినా నేను ఎస్సే నొక్కేవాణ్ణి. కాదనడం బాగోదని." ఎవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, "పెద్దవారు, మీకు మేం చెప్పేదేముందండీ. ఇక విశ్రాంతి తీసుకోండి," అన్నారు. మాస్టారు మొలలోంచి తాళాలు తీసి బల్లమీద పెట్టి, అందరికీ నమస్కారం చేసి వెళ్ళిపోయారు. నాకూ చేశారు.

రెండు వారాలకి అధ్యక్షులవారే మిల్లు ఆఫీసుకి రమ్మన్నారు. వెళితే కొత్త కంప్యూటర్ నిండా పట్టీలు. లెక్కపెడితే ఏడు. నా కళ్ళముందే అలాంటి బొమ్మలే టపటపా తెరుచుకున్నాయి. ఆయన ఆఫీసు తలుపు మూసొచ్చారు.

"చూశారాండీ? నేనేం ముట్టుకోలేదండీ. ఇవి వాటంతట అవే వచ్చేస్తాయనుకుంటానండీ," అన్నారు.

"అవునండీ," అన్నాను. ఏడూ పీకేశాను. ఆ పెద్దమనిషికి అప్పటికైనా ఆ బెంచీ మీది ముసలాయన గుర్తుకొస్తారేమోనని మొహం చూశాను. ఊహూఁ. "మాస్టారి గొడుగూ, నిఘంటువూ గ్రంథాలయంలోనే ఉండిపోయాయట, వీలైతే ఇచ్చిరండి," అన్నారంతే. ఆయన్ని అసహ్యించుకోవడం నాకు చాలా హాయిగా ఉండేది ఆ రోజుల్లో. నా మొహం నేను చూసుకోనక్కర్లేకుండా పోయేది.

గొడుగూ నిఘంటువూ పట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన లేరు. కాలవ గట్టు మీద నడవడానికి వెళ్ళారంది వాళ్ళావిడ. నన్ను కూర్చోబెట్టి కాఫీ తెచ్చిచ్చింది. ఇచ్చి లోపలికి వెళ్ళలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది. వీధి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"నిన్నొకటి అడగనా నాయనా? ఆయనకి చెప్పకు. అలాంటి బొమ్మలు... మనిషి కోరుకోకుండా, వెతక్కుండా, వాటంతట అవి వస్తాయా?"

"వస్తాయండీ," అన్నాను. "ఎవరికైనా వస్తాయి. మాస్టారి తప్పేం లేదు."

"నిజంగానా?"

"ఒట్టండీ."

ఆవిడ అక్కడే గడప మీద కూలబడిపోయింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "పదిహేను రోజులైంది నాయనా, ఆయనతో మాట్లాడి," అంది. "కంచం పెట్టి అవతలికి వెళ్ళిపోతున్నాను. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదాయన. తలొంచుకుని తిని లేచిపోతున్నారు."

అప్పుడైనా చెప్పాలి కదా, పెట్టింది నేనేనని. చెప్పలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచి, "నీ నోట ఆ మాట విన్నాను, చల్లగా ఉండు బాబూ," అని నా తల నిమిరింది. నేను మిగిలిన కాఫీ తాగేసి వచ్చేశాను.